సగటుకు అందని సెకన్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. అంబులెన్సు కావాలని జనం ఫోన్ చేసే కేంద్రం అది. మా ఆవిడ ఫోన్లు ఎత్తేది. తను టైపు చేసిన అడ్రసులన్నీ వెళ్లి చేరే డేటాబేసు చూసుకోవడం నా పని. ఆ డేటాబేసు కూర్చునే డిస్కులు, అవి ఉండే పెద్ద పెట్టె, మొత్తం స్టోరేజీ అంతా మా బావ చేతిలో ఉండేది. బావ అంటే మా ఆవిడకి సొంత అన్నయ్య. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. మా మాటలు వినేవాళ్లకి ఎవరికి ఎవరు బావో ఓ పట్టాన అంతుబట్టేది కాదు.

ఒకే కుక్కర్లో వండుకుని, ఒకే బస్సెక్కి, ఒకే గేటులోంచి లోపలికెళ్లి మూడు అంతస్తులకి చీలిపోయేవాళ్లం. సాయంత్రం మళ్లీ అదే బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కునుకుతూ వచ్చేవాళ్లం. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేని ఇల్లు మాది. అలా ఉండటమే సుఖమని ఆ ఎండాకాలం వచ్చాకే తెలిసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు మా ఆవిడ బస్సు దగ్గరికి రాలేదు. తలనొప్పిగా ఉంది, ముందే వెళ్లిపోతున్నానని ఫోన్లో చిన్న మెసేజి పెట్టింది. బావా నేనూ ఇంటికెళ్లేసరికి చెప్పులైనా విప్పకుండా వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది.

"రేపట్నుంచి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా," అంది.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. మధ్యాహ్నం ఒక ముసలాయన ఫోన్ చేశాడు. ఆయన భార్య స్నానాల గదిలో పడిపోయింది, పిలిస్తే పలకడం లేదు. మా ఆవిడ అడ్రసు అడిగింది, టైపు చేసింది, సేవ్ నొక్కింది. పేజీలన్నీ సేవ్ అయితే తప్ప పక్క హాల్లో బండ్లు పంపేవాళ్ల స్క్రీను మీద కేసు కనిపించదు. స్క్రీను మీద చక్రం తిరుగుతూనే ఉంది. తను ముసలాయన్ని మాటల్లో పెట్టింది. ఊపిరి ఆడుతోందేమో చూడమంది, పక్కకి తిప్పి పడుకోబెట్టమంది. చక్రం ఆగి తరవాతి పేజీ వచ్చింది. అందులో వివరాలు నింపి నొక్కితే మళ్లీ చక్రం. అలా మూడు పేజీలు. కేసు పక్క హాల్లో కనిపించేసరికి నిమిషన్నర దాటింది. బండి ఆ ఇంటికి చేరేసరికి ముసలావిడ ప్రాణం పోయింది.

"సిస్టం ఆగితే లేచి కేకేసి చెప్పాలని రూలు ఉంది కదా, ఎందుకు లేవలేదు అన్నారు. నిజమే, రూలుంది," అంది.

"మరి?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"రోజూ తిరుగుతూనే ఉంటుంది కదా. లేచేలోపు వచ్చేస్తుంది. లేవాలంటే చెవికున్న ఫోను తీసెయ్యాలి. ఆయన ఏడుస్తున్నాడు. వచ్చేస్తుందిలే అనుకున్నా."

బావ ఫ్రిజ్ దగ్గర నీళ్ల సీసా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలికి ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం, "సిస్టం బానే ఉంది చిట్టీ. పొద్దున్నే చూశాను. నువ్వు కంగారుపడకు."

మా ఆవిడ తలెత్తి ఆయనవైపు చూసింది. "బానే ఉంటే ఇంకేం అన్నయ్యా. తప్పు నాదేనన్నమాట."

బావ మూత తీసిన సీసా తాగకుండానే లోపల పెట్టేశాడు.

మర్నాటి నుంచి ఇద్దరమే బస్సెక్కేవాళ్లం. ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. పైవాళ్ల కాగితాల్లో దానికి ఒక పేరు కూడా పెట్టేశారు: మానవ జాప్యం. కంప్యూటర్లో ఎక్కిన వేళల్ని బట్టి చూస్తే అలాగే ఉంది మరి. ఫోన్ ఎత్తిన వేళ ఒకటి, అడ్రసు చేరిన వేళ ఒకటి, రెంటి మధ్య మా ఆవిడ కూర్చుని ఉంది. ఆ మధ్యలో ఆమె వేళ్లు కదిలాయా లేదా అన్నది ఏ యంత్రమూ రాసిపెట్టలేదు.

మా దగ్గర ఏదైనా నెమ్మదించిందంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే ఉండేది. స్క్రీన్లు తయారుచేసినవాళ్లు డేటాబేసు మీద పడేవాళ్లు. నేను స్టోరేజీ అనేవాణ్ణి. స్టోరేజీ వాళ్లు, అంటే మా బావ, నెట్‌వర్కు చూడమనేవాడు. ఎవరి యంత్రాలు ఎలా ఉన్నాయో చూపించే బోర్డు చూసినా గీతలన్నీ పచ్చగానే ఉండేవి. అంత పచ్చదనం మధ్యలో ఒక మనిషి ప్రాణం పోయింది.

నా డేటాబేసు మటుకు ఒక్క మాటే చెబుతోంది: రాయమని డిస్కుని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. కానీ నా మాట నమ్మేదెవరు? ఫలానావాడి పెళ్లాం ఇరుక్కుంది కాబట్టి ఫలానావాడు నెపం ఇంకొకరి మీదకి తోస్తున్నాడు అంటారు. అందుకని డేటాబేసు చెప్పే మాట కాకుండా, దాని ప్రమేయం లేకుండా డిస్కునే నేరుగా అడగాలనుకున్నాను.

పది వరసల స్క్రిప్టు రాశాను, చిన్న ప్రోగ్రాం. డేటాబేసు ఉన్న డిస్కు మీదే, దానికి అడ్డం రాకుండా ఓ పక్కన, సెకనుకొకసారి ఒక చిన్న ముక్క రాస్తుంది. రాశానని డిస్కు ఒప్పుకునేదాకా కదలకుండా ఉంటుంది. ఎంతసేపు ఉండాల్సి వచ్చిందో మిల్లీసెకన్లలో ఒక వరస వేస్తుంది. మళ్లీ మొదలు. చూడ్డానికి చిన్నపిల్లాడు తలుపు కొట్టి, తీసేదాకా నిలబడే ఆటలా ఉంటుంది.

మా మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి నిట్టూర్చాడు. "పెట్టుకో. కానీ దీనివల్లే స్లో అయిందని రేపెవడూ అనకూడదు. ఇప్పటికే నా తల వాచిపోయింది."

ఆ పొద్దున టిఫిన్ దగ్గర బావకి కూడా చెప్పాను. చాటుగా చెయ్యడం నాకిష్టం లేదు.

"పెట్టు బావా, నాకేం? నా బోర్డు మీద రాతకి పట్టే సమయం సగటు రెండు మిల్లీసెకన్లు దాటిన రోజు లేదు. గీత చూడు కావాలంటే, ఇస్త్రీ చేసినట్టుంటుంది," అన్నాడు.

"సగటు ఎంతసేపటికి?"

"రోజుకి. పైవాళ్లు అడిగేది అదే."

మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. ఇటు తిరగకుండానే అంది, "ఫోన్లో ఏడుస్తున్నవాడికి రోజు సగటు చెప్పమంటావా అన్నయ్యా?"

బావ నవ్వబోయాడు. ఆమె ఇంకా ఇటు తిరగలేదని చూసి ప్లేటు మీదకి తల దించాడు.

మొదటి రోజు పొద్దున స్క్రిప్టు వదిలి దాని ముందు కూర్చున్నాను. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు. ఒకటి. ఒకటిన్నర. ఒకటి. రెండు. ఒకటి. మధ్యాహ్నం దాకా అదే వరస. నిజంగానే ఇస్త్రీ చేసినట్టుంది. నాకు సిగ్గేసింది. బావని అనవసరంగా అనుమానించానేమో, రేపు విచారణలో మా ఆవిడని ఏం చెప్పమనాలో అని ఆలోచిస్తూ భోంచేసి వచ్చాను.

వచ్చేసరికి వరస మారింది. నలభై. డెబ్బై. మూడొందలు. తరవాత అంకె రాలేదు. తెర మీద కర్సరు ఒక్కటే కొట్టుకుంటోంది. కుర్చీలో కూర్చోకుండా అలాగే నిలబడి చూశాను. మా నెత్తి మీద అంతస్తులోనే ఫోన్లెత్తే హాలు. అక్కడ ఎవరో ఒకమ్మాయి ఇదే క్షణంలో, ఇదే జవాబు కోసం, చక్రం వంక చూస్తూ ఎవరినో మాటల్లో పెడుతూ ఉంటుంది. ఆఖరికి అంకె పడింది. పద్దెనిమిది వేలు. అంటే పద్దెనిమిది సెకన్లు.

ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నాను. మిల్లీసెకన్ల గురించి గంటలు గంటలు వాదించినవాణ్ణి. ఒక్క జవాబు కోసం అంతసేపు నిలబడి ఎదురుచూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికి అంతా సర్దుకుంది. మళ్లీ ఒకటి, ఒకటిన్నర. రోజు మొత్తానికి సగటు తీసి చూశాను. రెండుకి కాస్త అటూ ఇటూ. పొద్దుటి వేలకొద్దీ మంచి రాతలు మధ్యాహ్నపు చెడ్డ రాతల్ని కడుపులో పెట్టుకున్నాయి. అవి మరీ ఎక్కువేమీ లేవు, కానీ ఆ సమయంలో ఫోన్ చేసినవాడికి అదే లోకం.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. పొద్దున బుద్ధిమంతుడు, మధ్యాహ్నం మొండివాడు, సాయంత్రం మళ్లీ బుద్ధిమంతుడు. మధ్యలో ఒక రోజు మబ్బు పట్టింది. చినుకు పడలేదు కానీ ఎండ లేదు. ఆ రోజు మధ్యాహ్నం కూడా అంకె రెండు దాటలేదు. నాకు అర్థం కాలేదు. డిస్కుకి మబ్బుతో ఏం పని?

ఇంట్లో మా ఆవిడ రోజంతా తలుపులు వేసుకుని కూర్చునేది. కర్టెన్లు కూడా తీసేది కాదు. ఎప్పుడైనా ఫోన్ మోగితే అలవాటు కొద్దీ "చెప్పండి, ఎక్కడున్నారు?" అనేసేది. అవతల ఏ బ్యాంకువాళ్లో ఉండి తికమకపడేవాళ్లు. ఒకసారి అలా అని, ఫోన్ పెట్టేసి, చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"కనిపించిందా ఏమైనా?" అని అడిగేది రోజూ.

"కనిపిస్తోంది. ఎందుకో తెలియట్లేదు."

"ఎందుకో తెలియకపోతే నమ్మరు," అనేది. తనకి ఆఫీసు సంగతి నాకన్నా బాగా తెలుసు.

మబ్బు పట్టిన రోజు తరవాత నేను బావ దగ్గరికి కింది అంతస్తుకి వెళ్లాను. స్టోరేజీ గది తలుపు తియ్యగానే మొహానికి వేడి కొట్టింది. నేను ఆ గదికి వచ్చి చాలా కాలమైంది. అంతకుముందు వస్తే స్వెటరు కావాల్సివచ్చేది. గోడకి రెండు ఏసీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోది ఉన్న చోట చదరపు మరకా, వేలాడుతున్న పైపూ మిగిలాయి. పెట్టె వెనక ఒక స్టాండు ఫ్యాను తిరుగుతోంది. పడమటి గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

"ఏసీ ఏది బావా?"

"పైన కొత్త మీటింగు హాలుకి పట్టుకుపోయారు, చలికాలంలో. కొత్తది వస్తుందన్నారు." భుజాలెగరేశాడు. "వస్తూనే ఉంది."

ఆయన టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి స్క్రిప్టు అంకెలు చూపించాను. ఈసారి రోజుల వారీగా కాదు, మధ్యాహ్నాలు మాత్రం పక్కపక్కన పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. మొదట మాట పక్కకి తిప్పాడు, స్క్రిప్టే తప్పేమో అన్నాడు. తనే తీసుకుని వరస వరసా చదివాడు. తప్పు లేదు. ఇంకో సర్వరు నుంచి నడపమన్నాడు, నడిపాను. మేం చూస్తుండగానే అక్కడా నలభైలు, మూడొందలు మొదలయ్యాయి.

"అన్ని రోజులూ ఇదే. మొన్న మబ్బు పట్టిన రోజు తప్ప," అన్నాను.

బావ కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. కాసేపటికి లేచి, పెట్టె ముందుకెళ్లి వంగాడు. దాని నుదుటి మీద ఒక చిన్న దీపం ఉంది, నారింజ రంగులో. నేను లోపలికొచ్చినప్పుడు దాన్ని చూశాను కూడా, ఏదో దీపంలే అనుకున్నాను.

"లోపల ఒక బ్యాటరీ ఉంటుంది బావా," అన్నాడు అటు తిరిగే. "రాయమన్నది ముందు జ్ఞాపకంలో పట్టుకుని, రాసేశానని చెప్పేస్తుంది పెట్టె. తరవాత తీరిగ్గా డిస్కు మీదకి దించుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే ఆ జ్ఞాపకం పోకుండా కాపాడేది బ్యాటరీ. అది వేడెక్కి చేతులెత్తేస్తే పెట్టె దేన్నీ పట్టుకోదు. ప్రతి ముక్కా డిస్కు దాకా మోసుకెళ్లి, రాసి, తిరిగొచ్చి జవాబు చెబుతుంది. అందరూ ఒకేసారి అడిగితే క్యూ కడతాయి."

"బ్యాటరీ పాడైందని తెలుసా నీకు?"

"పాతదైంది, వేడి తట్టుకోదు అని చలికాలంలోనే చెప్పింది. కొత్తది కావాలని రాశాను. మళ్లీ రాశాను. చూద్దాం అన్నారు." దీపం మీద వేలు ఆనించాడు, తుడుస్తున్నట్టు. "ఎండలొచ్చాక కుయ్యి కుయ్యిమని రోజూ మధ్యాహ్నం మోత మొదలెట్టింది. బయట కూర్చునేవాళ్లు గొడవ చేశారు. శబ్దం నేనే ఆపేశాను."

ఫ్యాను తిరుగుతోంది. లాప్‌టాప్ తెర మీద ఒక అంకె కోసం కర్సరు ఎదురుచూస్తోంది.

"బస్సుకి టైమవుతోంది, పద," అన్నాడు బావ.

బస్సులో ఆయన కునకలేదు. దిగేటప్పుడు మాత్రం, "చిట్టికి నేను చెబుతాను. నువ్వు చెప్పకు," అన్నాడు.

ఆయన చెప్పేలోపే తను పట్టేసింది. ఇద్దరు మగాళ్లు మాట్లాడకుండా అన్నం కలుపుకుంటుంటే ఆడమనిషికి ఇంకేం సాక్ష్యం కావాలి? బావ ముద్ద కూడా ముట్టకుండా, దుకాణందాకా వెళ్లొస్తానని బయటికెళ్లాడు. తను నన్ను బాల్కనీలోకి రమ్మంది. ఆరేసిన బట్టలు అప్పుడే ఎండిపోయి అట్టల్లా ఉన్నాయి. వాటిని తీస్తూ అడిగింది. నేను చెప్పాను. దాచడం నాకు చేతకాదు, దాచినా తన దగ్గర దాగదు.

అంతా విని, చొక్కా ఒకటి మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఆ స్క్రిప్టు తీసెయ్," అంది.

"ఏమంటున్నావ్?"

"తీసెయ్. నేను లేవలేదు, కేకెయ్యలేదు, నాదే తప్పని ఒప్పేసుకుంటాను. మహా అయితే నన్ను తీసేస్తారు. నాకు ఆ హెడ్‌ఫోను పెట్టుకోవాలని కూడా లేదు."

"తీసేస్తే? రేపు మధ్యాహ్నం ఇంకొకరు ఫోన్ చేస్తారు. అప్పుడు చక్రం ముందు ఇంకో అమ్మాయి కూర్చుని ఉంటుంది."

"బ్యాటరీ మార్పించండి. ఎవరికీ చెప్పకుండా మార్పించెయ్యండి."

"ఎందుకు మార్చాలో చెప్పకుండా ఎవరు మారుస్తారు? ఊరికే కావాలని రాస్తే ఇన్నాళ్లూ మార్చలేదు కదా."

తను బట్టల మూట గుండెకి ఆనించుకుని నిలబడింది. "అమ్మ పోయాక నాకు జడలెయ్యడం నేర్చుకున్నాడు అన్నయ్య. వంకర పాపిడి తీసి బడికి పంపేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు ఆయన్ని పట్టించి నన్ను గట్టెక్కిస్తావా నువ్వు?"

"నేనెవర్నీ పట్టించట్లేదు. అంకెలున్నాయి, అంతే."

"అంకెలు నీకేమన్నా చుట్టాలా?" అంది. ఆ మాట అన్నందుకు కోపం కూడా తన మొహంలో లేదు. అంతా అలసటే. "పోనీలే. నువ్వు మాత్రం ఏం చేస్తావ్?" అని లోపలికెళ్లిపోయింది.

విచారణ రోజున నన్ను కూడా పిలిచారు. ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు. అడిగినదానికి జవాబిద్దాం, అడగనిది చెప్పవద్దు అని ఒకసారి, అన్నీ చెప్పేద్దామని ఒకసారి అనుకుంటూ మెట్లెక్కాను. మా ఆవిడ అప్పటికే కొత్త మీటింగు హాలు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అన్నయ్య లోపలున్నాడు," అంది.

"ఆయన్ని పిలవలేదు కదా?"

"పిలవలేదు."

తలుపు సందులోంచి చల్లగాలి మా పాదాలకి తగులుతోంది. లోపలి మాటలు వినపడటం లేదు. చాలాసేపటికి బావ బయటికొచ్చాడు. చేతిలో కాగితం కానీ సంచీ కానీ ఏమీ లేవు. చొక్కా చేతులు దింపి బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు.

"ఏం చెప్పావ్?" అని లేచింది తను.

"ఉన్నది చెప్పాను. బ్యాటరీ గురించి, మోత ఆపిన సంగతి." చేతి బొత్తాం సర్దుకుంటూ, "అడిగితే ఏసీ సంగతి కూడా చెప్పాను. ఇక్కడ ఇంత చల్లగా ఉంది కదండీ, ఈ చల్లదనం అక్కడిదే అన్నాను. ఎవరూ నవ్వలేదు," అన్నాడు.

"నేను ఒప్పుకుంటానన్నాను కదా అన్నయ్యా. నీకు చెప్పలేదా ఆయన?"

"చెప్పాడు." బావ నా వైపు చూడలేదు. "నీకు అబద్ధం చెప్పడం రాదు చిట్టీ. చిన్నప్పట్నుంచీ. దొరికిపోతావు, ఇద్దరం పోతాం."

నన్ను లోపలికి పిలిచారు. విచారణకి వచ్చిన పెద్ద డాక్టరు, నెమ్మదైన మనిషి, నా అంకెలు చూపించమని అడిగాడు. చూపించాను. ఒక్కో అంకె అంటే ఏమిటో ఓపిగ్గా అడిగి తెలుసుకున్నాడు. చివర్లో, "అయితే ఈ పద్దెనిమిది వేలు వచ్చిన సమయంలో ఫోన్లు వచ్చాయా?" అన్నాడు. వచ్చాయన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

వారం తిరక్కుండా బ్యాటరీ వచ్చింది. ఏసీ కూడా తన చోటికి తిరిగొచ్చింది, మోసుకొచ్చినవాళ్లు చదరపు మరక మీద సరిగ్గా అమర్చి వెళ్లారు. బావని ఉద్యోగంలోంచి తీసేశారు. ఏసీ పట్టుకెళ్లమన్నవాళ్లకీ, చూద్దాం అన్నవాళ్లకీ ఏమీ కాలేదు. మా ఆవిడ మీద తప్పు లేదని తేల్చారు, కానీ రూలు ప్రకారం లేచి కేకెయ్యాల్సిందని ఒక వాక్యం చేర్చారు. ఆ నిమిషన్నర ముందు బండి వెళ్లుంటే ఆ ముసలావిడ బతికేదా అంటే చెప్పలేం అన్నాడట డాక్టరు. ముసలాయన్ని కూడా అడిగారట. ఆ అమ్మాయి ఫోన్ పెట్టెయ్యలేదండీ అన్నాడట, ఇంకేమీ అనలేదట.

"చెప్పలేం అన్నాడు చూశావా? తప్పు నీదే అన్నా ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేదాన్ని," అంది మా ఆవిడ.

ఆ రోజుల్లో ఇంట్లో మాటలు కరువైపోయాయి. తను అన్నయ్యతో మాట్లాడేది కాదు, నాతో అవసరానికి మాట్లాడేది. అన్నయ్య మీద కోపమా, తన కోసం ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నందుకు బాధా, ఎవరు విప్పి చూశారు? బావ పొద్దున్నే లేచి కూర తరిగేవాడు, నేల తుడిచేవాడు, కుళాయికి కొత్త వాషరు వేసేవాడు. ఎప్పుడూ చెయ్యనివాడు అన్నీ చేసేస్తుంటే ఇల్లు మాది కానట్టు ఉండేది. నాకు ఆఫీసుకి పోవడమే నయమనిపించేది. అక్కడికెళ్తే బావ కుర్చీలో కొత్తవాడు కూర్చుని, మీ బావగారు దీన్ని ఎక్కడ పెట్టారండీ, దాన్ని ఎక్కడ పెట్టారండీ అని అడిగేవాడు.

అంకెలు మాత్రం పడుకున్నాయి. ఒకటి, ఒకటిన్నర, ఒకటి. మధ్యాహ్నం కూడా. మేనేజరు స్క్రిప్టుని తియ్యవద్దన్నాడు, ఎప్పటికీ నడవనీ అన్నాడు. గెలిచినట్టే మరి. అంత నీరసమైన గెలుపు నేనింకోటి చూడలేదు.

బావకి వేరే ఊళ్లో, ఒక శీతల గిడ్డంగిలో యంత్రాలు చూసే పని దొరికింది. వానలు మొదలవుతూండగా చేరమన్నారు. మా ఆవిడ మళ్లీ పనిలోకి రావాలని కబురొచ్చింది కూడా అదే వారం. వెళ్లనని రెండు రోజులు పడుకుంది. మూడో రోజు లేచి, తలస్నానం చేసి, వెళ్తానంది. చెల్లెలి మొదటి షిఫ్టు అయ్యాక బయల్దేరతానని బావ అవతలివాళ్లకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. నాతో మాత్రం టికెట్టు దొరకలేదన్నాడు.

ఆ మొదటి షిఫ్టు సాయంత్రం మా ఆవిడ బస్సు దిగి, వానలో సగం తడిసి ఇంటికొచ్చింది. ఆ రోజు నాకు సెలవు, నేనే తలుపు తీశాను. తుడుచుకోవడానికి తువ్వాలిచ్చినా తీసుకోకుండా బల్ల దగ్గర కూర్చుంది. బావ వంటింట్లోంచి వచ్చి కాస్త దూరంగా నిలబడ్డాడు. అడగాలా వద్దా అన్నట్టు చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు.

"స్క్రీను ఎలా ఉంది?" అన్నాడు ఆఖరికి.

తను ఆయన వైపు చూసింది. ఎన్నాళ్లకో చూసింది.

"నొక్కేలోపే అయిపోతోంది అన్నయ్యా. చక్రం కూడా కనిపించట్లేదు."

"మంచిదేగా."

"మంచిదే." జుట్టులోంచి నీళ్లు కారి బల్ల మీద పడుతున్నాయి. వాటిని వేలితో ఒక పక్కకి తోసింది. "ఇంక ఆలస్యమైతే నాదే."

బావ కుర్చీ లాక్కుని చెల్లెలి పక్కన కూర్చున్నాడు. నా చేతిలో తువ్వాలు తీసుకుని, చిన్నపిల్లకి తుడిచినట్టు, ఆమె తల తుడవడం మొదలుపెట్టాడు. తను వద్దనలేదు.

"రేపు ఏ షిఫ్టు?" అన్నాడు కాసేపటికి.

"పొద్దుటిదే."

"అయితే అన్నం తిని పెందలాడే పడుకో. నేను తెల్లారి బస్సుకి వెళ్తాను, నిన్ను లేపనులే."

"లేపు," అంది తను.